పీట కోను

మార్చి పదకొండు, మంగళవారం. ఆ మధ్యాహ్నం తను తిన్నదేమిటో పెద్దాయనకి ఇప్పటికీ గుర్తే. చుట్టేటప్పుడు విరిగిపోయిన కోను ముక్కలు ఒక గుప్పెడు, వాటితో తోడుకుని తినడానికి చిన్న గిన్నెడు పెరుగు ఐస్‌క్రీం. కోకో ముక్కలు కాస్త చేదుగా, నువ్వుల ముక్కలు కమ్మగా ఉన్నాయి. గిన్నె సగమైందో లేదో బల్లమీద ఫోన్ మోగింది. నోట్లో ముక్క నోట్లో ఉండగానే ఆయన ఫోన్ ఎత్తాడు. ఆ తర్వాత జరిగిందంతా ఆ ముక్క చలవే.

అది ఆయన కూతురి కొట్టు. ముందుగదిలో ఒక బల్ల, ఫోను, గోడవారగా పెరుగు ఐస్‌క్రీం యంత్రం, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి బెంచీలు. వెనకగదిలో జంట పెనాలు, పిండి గిలక్కొట్టే మిక్సరు, కోన్లు చుట్టే చెక్క అచ్చులు. మామూలు కోన్లయితే ఐస్‌క్రీం కొట్లవాళ్ళు ఎక్కడైనా కొనుక్కుంటారు. కాస్త వింతగా కావాలంటే మాత్రం ఇక్కడికే రావాలి. గులాబీలా మూతి విచ్చుకున్న కోను, నోరు తెరిచిన చేప కోను, నల్లగా నిగనిగలాడే కోకో కోను, అన్నాచెల్లెళ్ళు కొట్టుకోకుండా రెండు మూతుల కోను. అది వచ్చాక పెద్ద మూతి నాదంటే నాదని కొట్టుకోవడం మొదలుపెట్టారనుకోండి, ఆ సంగతి వేరు.

వీధిలోకి కనిపించే బోర్డు మీద పెయింటరు 'ఐస్‌క్రీం' అన్న మాటకి చోటు చాలక వదిలేశాడు. 'కోన్లు. అన్ని రంగులు, అన్ని సైజులు. ఆర్డరు మీద చేయబడును' అని రాసి, కింద ఫోన్ నంబరు వేసి నిచ్చెన దిగిపోయాడు. కూతురు చూసి, "వాసనే చెబుతుందిలే ఏం కోన్లో" అని ఊరుకుంది.

పెద్దాయన కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగమంతా "ష్, నెమ్మది" అంటూ గడిపిన మనిషి. భార్య పోయాక ఆ నెమ్మదే ఆయన మీద పగబట్టినట్టయింది. ఇంట్లో వినిపించే ప్రతి చప్పుడూ తనదే. గ్లాసు తను కింద పెడితేనే చప్పుడు, కుర్చీ తను జరిపితేనే చప్పుడు. ఒక్కోసారి ఊరికే చెంచా గిన్నెలో తిప్పేవాడు, ఎవరో ఉన్నట్టు ఉంటుందని. అది చూసిన రోజే కూతురు, "నాన్నా, కొట్లో ఫోన్ ఎత్తడానికి మనిషి లేడు, నువ్వొస్తావా?" అంది. మనిషి అవసరం నిజంగా ఎవరికుందో ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

కొట్లో చప్పుళ్ళకి కొదవలేదు. పెనం మూత టక్కున పడుతుంది, మిక్సరు గుర్రుమంటుంది, వాటి మీదుగా కోన్లు చుట్టే ఆవిడ మాటలు. ఆవిణ్ణి అందరూ చుట్టాలక్క అంటారు. కోన్లు చుడుతుంది కాబట్టీ, ఏ ఇంటికెళ్ళినా చుట్టం వరస కలుపుతుంది కాబట్టీ. పెద్దాయన్ని మొదటి రోజే బాబాయిని చేసేసుకుంది.

అంతా బాగానే ఉంది, ఆ నువ్వుల కోన్ల గొడవ ఒక్కటే జరక్కుండా ఉంటే. ఎవరో ఫోన్లో నువ్వుల కోన్లు అడిగారు. వెనక మిక్సరు తిరుగుతోంది. పెద్దాయన లోపలికి వచ్చి, "నవ్వుల కోన్లట, ఎంత బాగుందో ఆలోచన!" అన్నాడు. కూతురు ఒక్కో కోను మీదా చాక్లెట్‌తో కళ్ళూ, నవ్వే నోరూ గీసి పంపింది. పెట్టె విప్పినవాళ్ళు మాత్రం నవ్వలేదు.

ఆ రోజు కూతురు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. పక్కన కూర్చుని మెత్తగా చెప్పింది.

"నాన్నా, నీ చెవులు ఇదివరకటిలా లేవు. తప్పు నీది కాదు. కానీ ఇంకోసారి ఇలా అయితే మాత్రం ఫోన్ దగ్గర ఎవరైనా అమ్మాయిని పెట్టుకుంటాను. నువ్వు హాయిగా ఇంట్లో ఉందువు గాని."

"మిక్సరు తిరుగుతోందమ్మా" అన్నాడు పెద్దాయన.

"అది రోజూ తిరిగేదే కదా" అంది కూతురు.

హాయిగా. ఎంత పని చేస్తుందో ఆ మాట! ఆయన ఆ రాత్రంతా దానికి ఇంకో అర్థం ఉందేమోనని వెతికాడు, దొరకలేదు. అప్పటినుంచీ ఫోన్ మోగితే చాలు, వెన్ను నిటారుగా పెట్టి, రిసీవరు చెవికి అదిమిపెట్టి మరీ వినేవాడు.

మార్చి పదకొండున కూడా అలాగే విన్నాడు. మిక్సరు తిరగడం లేదు. చుట్టాలక్క కూడా నోరు కట్టుకుని ఉంది. కాకపోతే నువ్వుల ముక్క గట్టిది. నములుతుంటే దవడల చప్పుడు చెవుల్లోకే వస్తుంది. మాట్లాడేది పెద్దమనిషి, మధ్యలో 'ఒక్క నిమిషం' అనడం మర్యాద కాదు.

ఫోన్ పెట్టేసి వెనకగదిలోకి పరుగులాంటి నడకతో వచ్చాడు.

"డ్రాయింగ్ స్కూలు వాళ్ళమ్మా! నారింజ రంగు కోన్లు కావాలట, మధ్యలో తెల్ల పట్టీ ఉండాలట. ఎత్తు మామూలెత్తే. కింద చదరంగా పీటలా ఉండి నిలబడాలట, గాలికి పడిపోకూడదట. ఇంకా... ఆఁ, కారినా ఏం కాకూడదట. శుక్రవారం పొద్దున్న టేస్టులున్నాయట, అప్పటికి కావాలి."

కూతురు చేతిలో గరిటె ఆగింది. "నిలబడాలా? కోను నిలబడటమేంటి?"

"డ్రాయింగ్ స్కూలు కదమ్మా. పిల్లలు ఓ చేత్తో బొమ్మ వేసుకుంటూ, మధ్యమధ్య కింద పెట్టుకుని తింటారేమో."

"బాబాయ్, సరిగ్గానే విన్నావు కదా?" అంది చుట్టాలక్క.

"మిక్సరు ఆపే ఉందిగా!" అన్నాడాయన, ఛాతీ విరిచి.

కూతురికి ఇలాంటివి దొరికితే తిండి అక్కర్లేదు. కళ్ళు అప్పుడే ఎటో చూస్తున్నాయి. "తెల్ల పట్టీ తేలికే, చక్కెర పాకంతో వేస్తాను. నారింజ రంగే..." అంటూ కారట్లు తీసింది.

నారింజ రంగు అంత సులువుగా లొంగలేదు. కారట్ రసం పోసి కాలిస్తే మొదటి అట్టు ఇటుకలా వచ్చింది. చక్కెర మాడి రంగుని మింగేస్తోందని చక్కెర తగ్గించింది. రంగు వచ్చింది గానీ అట్టు చుట్టబోతే ఫటేల్మని విరిగింది. వేడి తగ్గించి ఎక్కువసేపు ఉంచితే తోలులా సాగింది. విరిగినవీ సాగినవీ అన్నీ పెద్దాయన గిన్నెలోకే. "బాబాయ్, ఈ ఆర్డరు అయ్యేలోపు నువ్వే నారింజ రంగులోకి తిరిగిపోతావు" అని చుట్టాలక్క ఏడిపించింది.

మర్నాడు సాయంత్రానికి కుదిరింది. చుట్టాలక్క పెనం మీంచి వేడి అట్టు చేత్తోనే తీసి, "ఉఫ్, ఉఫ్" అని ఊదుకుంటూ చెక్క అచ్చు మీద ఒక్క చుట్టు చుట్టి, మొన లోపలికి నొక్కి అలా చూపించింది. పండిన నారింజే. కూతురు చిన్నపిల్లలా గెంతింది. తర్వాత పీట. చదరంగా కోసిన మందపాటి బిస్కెట్టు ముక్కకి మధ్యలో గుంట చేసి, కరిగిన చక్కెరతో కోను మొనని అందులో అంటించింది. లోపలంతా చాక్లెట్ పూసింది, ఐస్‌క్రీం కరిగినా కిందికి కారకుండా. బల్లమీద పెట్టి ముగ్గురూ చేతులు తీసేశారు.

కోను నిలబడింది.

"ఊదు నాన్నా, గాలికి పడకూడదన్నారు కదా" అంది కూతురు. పెద్దాయన బుగ్గలు పూరించి ఊదాడు. కోను కదల్లేదు గానీ పక్కనున్న పిండి ఎగిరి చుట్టాలక్క మొహాన పడింది.

శుక్రవారం పొద్దున్నే కొట్టు ముందు ఒక కారు ఆగింది. దాని నెత్తిన 'ఎల్' అక్షరం. పెద్దాయన అది చూశాడు గానీ ఏమీ అనుకోలేదు. లోపలికి ఒక లావుపాటి మనిషి వచ్చాడు, మెళ్ళో ఈల వేలాడుతోంది.

"నమస్కారమండీ, కోన్లు తయారయ్యాయా? టెస్టు ఆఫీసరు గారు అప్పుడే వచ్చేశారు."

"టేస్టు ఆఫీసరా!" అన్నాడు పెద్దాయన గౌరవంగా. డ్రాయింగ్ స్కూలంటే ఇన్ని ఏర్పాట్లుంటాయని ఆయనకి తెలియదు.

కూతురు మురిపెంగా పెట్టె మూత తీసింది. నారింజ రంగు కోన్లు బారులు తీరి ఉన్నాయి, ఒక్కోదానికీ నడుముకి తెల్ల పట్టీ. ఆ మనిషి పెట్టెలోకి చూశాడు. పెట్టె కింద చూశాడు. తర్వాత గుమ్మం వైపు చూశాడు, అసలు పెట్టెలు వెనకాల వస్తున్నాయేమోనని.

"ఇవి నమూనాలాండీ?"

"నమూనాలేంటి, ఇవే కోన్లు. పూర్తి ఆర్డరు. మీది డ్రాయింగ్ స్కూలే కదా?" అంది కూతురు.

"డ్రైవింగ్ స్కూలండీ బాబూ! ఆ వీధి చివర ఖాళీ స్థలంలో కొత్తగా పెట్టాం కదా. కారు నడపడం నేర్పిస్తాం! నేను మోకాలెత్తు కోన్లు కావాలన్నాను!"

"మామూలెత్తు..." అన్నాడు పెద్దాయన.

"కారెక్కినా ఏం కాకూడదని మరీ మరీ చెప్పాను!"

"కారినా ఏం కాకూడదని..."

డ్రైవింగ్ మాస్టారు ఒక కోను ఎత్తి లోపలికి చూశాడు. "మరి ఈ చాక్లెట్ ఎందుకు పూశారో నాకు అర్థం కావట్లేదు" అన్నాడు, ఏడుపు గొంతుతో.

చుట్టాలక్క చీర కొంగు నోట్లో కుక్కుకుని వెనకగదిలోకి పారిపోయింది. అక్కణ్ణుంచి వింత వింత చప్పుళ్ళు వచ్చాయి. కూతురు మాత్రం నవ్వలేదు. తండ్రి వైపు తిరిగింది.

"నా పొరపాటేనమ్మా" అన్నాడు పెద్దాయన. "నోట్లో ముక్క ఉంది. నమలడం ఆపకుండా విన్నాను." కళ్ళజోడు పెట్టె జేబులో వేసుకున్నాడు. గొడుగు తీసుకున్నాడు. ఇల్లు ఎలా ఉంటుందో కళ్ళకి కట్టింది. కుర్చీ, గ్లాసు, చెంచా. "నేనిక వెళ్తాను."

"ఎక్కడికి?" అంది కూతురు. "మాస్టారు అక్కడ ఆఫీసర్ని నిలబెట్టి వచ్చారు. ముందు నువ్వా పెట్టె రెండోవైపు పట్టుకో."

"ఈ పెట్టెతో ఏం చేస్తామండీ?" అన్నాడు మాస్టారు.

"రంగు అదే కదా. కనిపిస్తాయి కదా. తగలకుండా నడపమనండి."

పెట్టె పట్టుకుని ముగ్గురూ నడిచారు, కొట్టుకి గొళ్ళెం పెట్టి వెనకాలే చుట్టాలక్క. ఖాళీ స్థలంలో గోడవార నేర్చుకునేవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు ఆస్పత్రి నర్సమ్మ. టెస్టుకి వెళ్ళిన ప్రతిసారీ ఏదో ఒకటి గుద్దేసి తిరిగొచ్చిన మనిషి. టెస్టు ఆఫీసరుది నవ్వు మొహం కాదు. పెట్టెలోకి చూసి, "ఏమిటివి?" అన్నాడు.

"కోన్లండీ" అన్నాడు మాస్టారు. అబద్ధం కాదు కదా.

మూతి కిందికి చేసి నేలమీద పెడితే పీట పైకి వచ్చింది. నెత్తిన చదరపు టోపీతో ఒక్కో కోనూ డిగ్రీ పుచ్చుకుని ఫొటోకి నిలబడ్డట్టుంది. "నీ స్నాతకోత్సవం ఫొటోలో నువ్వూ ఇలాగే ఉంటావు నాన్నా" అని కూతురు చెవిలో అంది. పెద్దాయన ఆ మాటని పట్టుకుని వేలాడాడు. కోపంగా ఉన్న మనిషి అలా అనదు కదా. లేకపోతే ఇంటికి పంపేముందు మంచిగా ఉంటోందా?

నర్సమ్మ కారెక్కింది. అంత పెద్ద స్థలంలో అరచెయ్యంత కోన్లు. ఆవిడ వాటిని చూసింది, వాటిని చుట్టి తెచ్చిన చుట్టాలక్కని చూసింది, ఇంజన్ స్టార్ట్ చేసింది. రబ్బరు కోన్ల దగ్గర ఎప్పుడూ అంత జాగ్రత్తగా నడపలేదని ఆవిడే తర్వాత చెప్పింది. రబ్బరుదైతే గుద్దినా మళ్ళీ లేచి నిలబడుతుంది. ఇది ఎవరో కూర్చుని చేసింది. కారు పసిపిల్లాడి ఉయ్యాల పక్కనుంచి నడిచినట్టు నడిచింది. వంపు తిరిగింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ వంపు తిరిగింది. చెవులు రిక్కించి అందరూ విన్నారు. ఏ చప్పుడూ లేదు.

"పాస్" అన్నాడు ఆఫీసరు.

నర్సమ్మ దిగి వచ్చి మాస్టార్ని వదిలేసి చుట్టాలక్కని కావలించుకుంది. "నిన్ను తొక్కుతానేమోనని ఎంత భయపడ్డానో!" అంది.

తర్వాతవాళ్ళూ అంతే. ఒక్కరికీ తొక్కడానికి మనసు రాలేదు. ఆఫీసరు కూడా మెత్తబడ్డాడు. "రబ్బరు కోనుకి తగిలిందో లేదో వంగి చూసుకోవాలి. వీటితో ఆ బాధ లేదు, కళ్ళు మూసుకున్నా తెలిసిపోతుంది" అన్నాడు. అన్నాడో లేదో కర్‌ర్‌ర్‌మని చప్పుడు. అందరూ తిరిగి చూశారు. టెస్టులన్నీ అయిపోయిన సంబరంలో కారు పక్కకి పెడదామని డ్రైవింగ్ మాస్టారే వెనక్కి తీసి, రెండు కోన్లు పొడి చేసేశాడు.

"ఫెయిల్" అన్నాడు ఆఫీసరు. ఆ మొహానికి కూడా నవ్వడం వచ్చని అప్పుడే తెలిసింది.

"నేలమీద పెట్టినవి ఎవరూ ముట్టుకోవద్దు" అని నర్సమ్మ ఆజ్ఞ వేసింది. వాటిని పిచ్చుకలకి వదిలేసి, పెట్టెలో మిగిలినవాటితో అందరూ కొట్టుకి వచ్చారు. కూతురు పెరుగు ఐస్‌క్రీం నింపి ఇస్తోంది, పెద్దాయన అందిస్తున్నాడు. ముందుగది పట్టలేదు, వీధిలో కూడా నిలబడ్డారు. నర్సమ్మ ఒకసారి కోను కొరికి, సంతకం పెట్టమని మాస్టారు కాగితం చాపితే, కోనుని కారు బానెట్ మీద పెట్టి కలం అందుకుంది. సంతకం పెట్టింది. చెయ్యి చాపి కోను తీసుకుంది. నోటి దాకా తెచ్చి ఆగిపోయింది.

"అయ్యో, దీన్ని కింద పెట్టానా నేను?"

మళ్ళీ పెట్టి చూసింది. నిలబడింది. కరిగిన చుక్క ఒక్కటీ కారలేదు.

"మా వార్డులో చేతికి కట్లున్నవాళ్ళకి ఐస్‌క్రీం పెట్టాలంటే కప్పు ఇంకొకరు పట్టుకుని కూర్చోవాలండీ" అంది నర్సమ్మ. "చిన్నపిల్లలా తినిపించుకోవడం పెద్దవాళ్ళకి ఎంత నామోషీగా ఉంటుందో. పక్కన బల్లమీద ఇది నిలబడి ఉంటే, వాళ్ళే తీసుకుని తింటారు, వాళ్ళే పెట్టుకుంటారు. మీరు మాకు చేసిస్తారా?"

"చేసిస్తాం" అన్నారు కూతురూ, చుట్టాలక్కా ఒకేసారి. చేసిచ్చేవాళ్ళల్లో తనున్నాడో లేడో పెద్దాయనకి ఇంకా తెలియదు.

దానికి పీట కోను అని పేరు పెట్టింది చుట్టాలక్కే. వెళ్తూ వెళ్తూ డ్రైవింగ్ మాస్టారు, "నా మోకాలెత్తు కోన్లు ఎక్కడ దొరుకుతాయో కాస్త చెప్పండి" అని బతిమాలాడు. "వద్దు మాస్టారూ, ఇవే వాడండి" అని నర్సమ్మ కారులోంచి అరిచింది. కారు తనే నడుపుకుంటూ వెళ్ళింది.

సాయంత్రం ఆస్పత్రికని మొదటి పళ్ళెం పీట కోన్లు చేశారు. చుట్టాలక్క ఇంటికి వెళ్ళిపోయింది. తండ్రీ కూతుళ్ళిద్దరే మిగిలారు. కూతురు కోన్ల లోపల చాక్లెట్ పూస్తోంది. పెద్దాయన బల్ల తుడుస్తున్నాడు. తుడిచినచోటే మళ్ళీ తుడుస్తున్నాడు.

"నాన్నా."

"ఊఁ."

"ఫోన్‌కని ఒక అమ్మాయిని చూసి పెట్టాను. సోమవారం నుంచి వస్తానంది."

పెద్దాయన గుడ్డని మడతపెట్టాడు. "మంచిదమ్మా. మంచి పనే."

"మధ్యాహ్నం ఫోన్ చేసి రావద్దని చెప్పేశాను."

"అదేం?"

"ఆ అమ్మాయి చెవులు పాము చెవులు." కూతురు తల ఎత్తకుండానే మాట్లాడుతోంది. "డ్రైవింగ్ మాస్టారు ఫోన్ చేస్తే, 'రాంగ్ నంబరండీ' అని పెట్టేసి ఉండేది. నేనా, కోను నిలబడాలని జన్మలో అనుకునేదాన్ని కాదు. పొద్దున్న నువ్వు గొడుగు తీసుకుని గుమ్మం వైపు తిరిగావు చూడు, అప్పుడే అనుకున్నాను. ఈ గుమ్మంలోంచి నువ్వలా వెళ్తుంటే నేను చూడలేను నాన్నా." బ్రష్షు పక్కన పెట్టి మణికట్టుతో ముక్కు తుడుచుకుంది. ముక్కుకి చాక్లెట్ అంటింది. "కాకపోతే ఒక్కటి. ఎవరేం చెప్పినా, విన్నది విన్నట్టు వాళ్ళకే తిరిగి చెప్పు. తప్పుంటే వాళ్ళే చెబుతారు."

"ఏంటీ?" అన్నాడు పెద్దాయన.

"చూశావా!"

"విన్నాన్లే" అన్నాడాయన. ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వుకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏ నీళ్ళు ఏవో విడదీయడం కష్టం.

కూతురు బ్యాగు తీసుకుంది. "నేను ముందు వెళ్ళి అన్నం పెడతాను. ఇవాళ మా ఇంట్లోనే భోంచెయ్యి. ఆ తలుపేసి వచ్చెయ్యి. నెమ్మదిగా వెయ్యి, చాక్లెట్ ఇంకా గట్టిపడలేదు, అదిరితే కిందికి జారిపోతుంది."

పెద్దాయన దీపం ఆర్పాడు. వీధిలోంచి పడే వెలుతురులో పళ్ళెం నిండా కోన్లు కుదురుగా నిలబడి ఉన్నాయి, రేపు పొద్దున్నకి. ఎవరో తెలియని మనిషి, చేతికి కట్టుతో, ఎవర్నీ అడక్కుండా చెయ్యి చాపి ఒకటి అందుకోవడం ఆయనకి కనిపించింది. కాసేపు అలాగే చూసి బయటికి వచ్చాడు. రెండు చేతులతో పిడి పట్టుకుని, ఊపిరి బిగబట్టి, చిన్న చప్పుడు కూడా కాకుండా తలుపు మూశాడు.